నాయన శనగ చేను, నా లాప్‌టాప్‌లో అక్షరాలు

మూడేళ్ల కిందట, జనవరి మొదటి వారం. హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని ఏదో బగ్ వెతుకుతున్నాను. నాయన వాట్సాప్‌లో ఫొటో పంపాడు. గడివేములలో మా పప్పుశనగ చేను. పచ్చటి సాళ్ల మధ్య అక్కడక్కడా గడ్డి రంగుకు తిరిగిన చెట్లు. కింద వాయిస్ మెసేజ్.

"రేయ్, చెట్లు ఎండిపోతాండాయి. పూతకొచ్చిన చేను. నీ కంప్యూటర్లో ఏమన్నా చూసి చెప్పు."

మామూలుగా అయితే "ఎవరైనా ఆఫీసర్‌ను అడుగు నాయనా" అని పెట్టేసేవాణ్ని. కానీ అప్పటికి నాకు కొత్త పిచ్చి పట్టుకుని ఉంది. దాని పేరు బయోఇన్ఫర్మాటిక్స్. రాత్రిళ్లు ఆన్‌లైన్ కోర్సు చూస్తున్నాను. శనగ జీనోమ్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను కూడా. మా నాయన పండించే పంటకు సోర్స్ కోడ్ నా దగ్గరుంది, ఇక బగ్ కనిపెట్టలేనా అనుకున్నాను.

కనిపెట్టలేకపోయాను. పైగా నాయన చేత రెండెకరాల మీద ఒక తప్పు ప్రయోగం చేయించాను. ఆ కథతో పాటు అసలు ఈ సబ్జెక్టు ఏమిటో కూడా చెప్తాను. రెండూ విడదీసి చెప్పడం నాకు రాదు.

నాలుగు అక్షరాల భాష

నాకు ఈ పిచ్చి కరోనా వల్ల అంటుకుంది. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు ఆ వైరస్ జన్యు సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా దించుకోవచ్చు. లాక్‌డౌన్‌లో పని లేక నేనూ దించుకున్నాను. తెరిచి చూస్తే మామూలు టెక్స్ట్ ఫైల్. ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలే, వరుసగా, కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. మొత్తం 29,903 అక్షరాలు. నా ఫోన్‌లో ఉన్న ఒక్క సెల్ఫీ దానికంటే కొన్ని పదుల రెట్లు పెద్దది. ప్రపంచాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది ఇంత చిన్న ఫైలా అని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ప్రాణమున్న ప్రతిదానిలోనూ ఇలాంటి రాత ఉంటుంది. మనిషిలో, శనగలో, వేపలో అది డీఎన్ఏ. కరోనా లాంటి కొన్ని వైరస్‌లలో ఆర్ఎన్ఏ. అందులో టి స్థానంలో యు ఉంటుంది కానీ, ఫైళ్లలో టి అనే రాస్తారు. ఆ రాతలో కొన్ని భాగాలను జన్యువులు అంటాం. ఏ ప్రొటీన్ ఎలా తయారు చేయాలో చెప్పే వంటకం అక్కడ ఉంటుంది. మనిషి రాత సుమారు 300 కోట్ల అక్షరాలు. అంత రాతను కళ్లతో చదివి పోల్చడం ఎవరి వల్లా కాదు. కంప్యూటర్ కావాలి, లెక్కలు కావాలి, వచ్చిన జవాబులో అర్థం ఉందో లేదో చెప్పడానికి జీవశాస్త్రం కావాలి. ఈ మూడూ కలిసే చోటే బయోఇన్ఫర్మాటిక్స్.

ఇదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 1965లోనే అమెరికాలో మార్గరెట్ డేహాఫ్ అనే ఆమె అప్పటికి తెలిసిన ప్రొటీన్ల వరుసలన్నీ సేకరించి పుస్తకంగా వేసింది. ఇప్పటి డేటాబేస్‌లకు అదే అమ్మమ్మ. 1970లో నెదర్లాండ్స్‌కు చెందిన పౌలీన్ హోగెవెగ్, బెన్ హెస్పర్ ఈ పేరును వాడకంలోకి తెచ్చారు. 1977లో ఫ్రెడరిక్ శాంగర్ బృందం ఒక చిన్న వైరస్ డీఎన్ఏను మొత్తం చదివింది. అది 5 వేల పైచిలుకు అక్షరాలు. 2003లో మనిషి జీనోమ్ ప్రాజెక్టు ముగిసింది. దానికి 13 ఏళ్లు, సుమారు 270 కోట్ల డాలర్లు పట్టాయి. ఇవాళ ఒక మనిషి జీనోమ్‌ను వెయ్యి డాలర్ల లోపే చదవొచ్చు. చదవడం చవకైపోయింది. చదివినదాన్ని అర్థం చేసుకోవడమే ఇప్పుడు కష్టమైన పని.

చిరిగిన పంచాంగం

మెషీన్ జీనోమ్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే బిగిన చదువుతుందని నేను అనుకునేవాణ్ని. అలా కుదరదు. ఎక్కువగా వాడే మెషీన్లు చిన్న చిన్న ముక్కలుగా చదువుతాయి. ఒక్కో ముక్కలో నూటయాభై అక్షరాలో, అటూ ఇటూగానో ఉంటాయి. అలాంటివి కోట్ల ముక్కలు.

ఉగాదికి కొన్న పంచాంగాన్నే తీసుకోండి. ఒకే పంచాంగం వంద కాపీలు తెచ్చి, అన్నింటినీ ఇష్టమొచ్చినట్టు చించి కుప్ప పోశారు. పేజీ నంబర్లు లేవు. ఇప్పుడు ఆ ముక్కల నుంచి ఒక పూర్తి పంచాంగం మళ్లీ తయారు చేయాలి. ఒక ముక్క చివర ఉన్న మాటలు ఇంకో ముక్క మొదట్లో కనిపిస్తే రెండూ పక్కపక్కనివని తెలుస్తుంది. ఒక్కో కాపీ ఒక్కో చోట చిరిగింది కాబట్టి ఇది సాధ్యం. ఈ పనిని అసెంబ్లీ అంటారు.

చిక్కల్లా ఎక్కడంటే, పంచాంగంలో ప్రతి పేజీలోనూ "తిథి", "నక్షత్రం", "వర్జ్యం", "రాహుకాలం" అనే మాటలే వస్తాయి. చేతిలో ఉన్న ముక్క మీద "రాహుకాలం" అని మాత్రమే ఉంటే అది ఏ రోజుది? శనగ జీనోమ్‌లో కూడా దాదాపు సగం ఇలా మళ్లీ మళ్లీ వచ్చే రాతే.

ఇక రెండో పెద్ద పని వెతకడం. కొత్తగా ఒక జన్యువు దొరికింది. ఇలాంటిది ఇంతకుముందు ఎవరికైనా, ఏ జీవిలోనైనా కనిపించిందా? దీనికి 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే ప్రోగ్రామ్‌ను ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. చిన్న ముక్క సరిపోయిన చోటు పట్టుకుని, అటూ ఇటూ సాగదీస్తూ ఎంత దూరం పోలిక ఉందో చూస్తుంది. గూగుల్‌లో పేరు తప్పు కొట్టినా సరైనది చూపిస్తుంది కదా, కొంచెం అలాంటిదే. ఇది ఉచితం. ఫోన్ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. నేను మొదటిసారి బస్‌లో నిలబడి నడిపాను.

పటాన్‌చెరులో మా శనగ

నా ఆఫీసుకు గంట దూరంలో పటాన్‌చెరు ఉంది. అక్కడ 1972లో మొదలైన ఇక్రిశాట్ ఉంది. ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను. లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. అక్కడి జన్యు బ్యాంకులో 20 వేలకు పైగా శనగ రకాల గింజలు చల్లగా దాచి ఉన్నాయట. 2013లో ఇక్రిశాట్ శాస్త్రవేత్త రాజీవ్ వర్ష్నే నాయకత్వంలో పలు దేశాల శాస్త్రవేత్తలు శనగ జీనోమ్‌ను ప్రకటించారు. అంచనా పరిమాణం 73.8 కోట్ల అక్షరాలు. అందులో నాలుగింట మూడు వంతులు అతికించగలిగారు. 28,269 జన్యువులను గుర్తించారు. వాళ్లు చదివింది సీడీసీ ఫ్రాంటియర్ అనే కాబూలీ రకం. 2021 నాటికి 3,366 శనగ రకాల జీనోమ్‌లు చదివి, పోల్చి, ఎక్కడెక్కడ తేడాలున్నాయో లెక్కతేల్చారు.

దీనివల్ల రైతుకేంటి అని అడిగితే ఐసీసీ 4958 అనే పాత రకం గురించి చెప్పాలి. దానికి బలమైన వేర్లు, బెట్టను తట్టుకునే గుణం ఉన్నాయి. ఆ గుణం జీనోమ్‌లో ఎక్కడుందో వెతికితే, నాలుగో లింకేజ్ గ్రూపులో ఒక చిన్న ప్రాంతం దొరికింది. ఆ ప్రాంతానికి గుర్తులు పెట్టుకుని, దాన్ని వేరే మంచి రకాల్లోకి సంకరం ద్వారా తెచ్చారు. వెనకటికైతే సంకరం చేసిన ప్రతి మొక్కనూ పెంచి, ఎండగట్టి, ఏది బతుకుతుందో చూడాలి. ఇప్పుడు లేత ఆకు నుంచి డీఎన్ఏ తీసి, గుర్తు ఉందో లేదో చూసి, లేనివాటిని మొదట్లోనే పక్కన పెట్టొచ్చు. ఏళ్లు కలిసొస్తాయి. 2019లో విడుదలైన పూసా చిక్‌పీ 10216 ఈ దారిలో వచ్చిందే.

వరిలో ఇదే పని మన దగ్గర ఇంకా ముందే జరిగింది. బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి అంటే మన నంద్యాల వైపు ప్రాణం. కానీ దానికి బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు తగిలితే అంతే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చాయి. 2008లో ఆ రకం ఇంప్రూవ్డ్ సాంబమసూరి పేరుతో బయటికొచ్చింది. అన్నం రుచి, గింజ తీరు అలాగే ఉంచి, తెగులు ఒక్కదానికి ప్యాచ్ వేసినట్టు.

ఇవన్నీ చదివి నా తల బాగా పెరిగింది. సరిగ్గా అప్పుడే నాయన ఫొటో వచ్చింది.

నేను చేసిన తప్పు

ఫొటో చూశాను. నెట్‌లో "శనగ ఎండిపోవడం" అని వెతికాను. ముందుగా వచ్చింది ఫ్యుజేరియం ఎండు తెగులు. భూమిలో ఉండే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఒకసారి పొలంలో చేరితే ఏళ్ల తరబడి మట్టిలోనే ఉంటుంది. ఫొటోలు కూడా అచ్చం మా చేనులాగే ఉన్నాయి. నాకు ఇక అనుమానమే రాలేదు.

నాయనకు ఫోన్ చేసి అరగంట క్లాస్ పీకాను. జన్యువులన్నాను, నిరోధక శక్తన్నాను, పాత విత్తనం మార్చాలన్నాను. నాయన ఏళ్లుగా వేస్తున్నది జేజీ 11. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో పప్పుశనగ ఇంతగా పెరగడంలో ఆ రకానిది పెద్ద పాత్ర. "అది పాతదైపోయింది నాయనా. ఎండు తెగులును తట్టుకునే కొత్త రకాలొచ్చినాయి" అన్నాను.

"పాతదైతే ఏంది? నువ్వు కూడా పాతోడివే గదరా" అంది వెనక నుంచి అమ్మ.

నాయన మాత్రం ఒప్పుకున్నాడు. చదువుకున్న కొడుకు చెప్తున్నాడు మరి. వచ్చే అక్టోబర్‌లో ఆరెకరాల్లో రెండెకరాలు కొత్త విత్తనం వేశాడు. ఎక్కువ ధర పెట్టి తెప్పించింది నేనే.

మళ్లీ జనవరి వచ్చింది. సంక్రాంతికి ఊరెళ్లాను. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా చేను దగ్గరికి పోయాను. నాలుగెకరాల్లో జేజీ 11 అక్కడక్కడా ఎండింది. నా రెండెకరాల్లో అంతకంటే ఎక్కువ ఎండింది.

నాయన ఏమీ అనలేదు. గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. అనుంటే బాగుండేది.

పండుగ అయ్యాక ఇద్దరం నాలుగు మొక్కలు వేర్లతో సహా పీకి, గోనెపట్టాలో చుట్టుకుని నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానానికి బస్సెక్కాం. అది వందేళ్లకు పైబడిన సంస్థ. మిషన్‌తో కోయడానికి వీలుగా ఎత్తుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ అక్కడిదే. అక్కడి శాస్త్రవేత్త ఒకాయన మొక్క చేతిలోకి తీసుకుని ముందు అడిగిన మాట: "పీకేటప్పుడు వేరు పూర్తిగా వచ్చిందా, తెగిందా?"

"తెగింది సార్. పుల్లలాగా పుటుక్కున ఇరిగింది" అన్నాడు నాయన.

ఆయన తల్లివేరు చూపించాడు. నల్లగా, పెళుసుగా ఉంది. పిల్లవేర్లు దాదాపు లేవు. తర్వాత మొదలు దగ్గర కాండాన్ని బ్లేడుతో నిలువునా చీల్చాడు. "ఎండు తెగులైతే లోపల నాళాల దగ్గర గోధుమ, నలుపు చార కనిపించాలి. పైకి వేరు బాగానే ఉంటుంది. మీకు అది లేదు. ఇది ఎండు వేరుకుళ్లు. వేరే శిలీంధ్రం. పూత, కాయ టైములో భూమిలో పదును తగ్గి, ఎండ ముదిరితే ఎక్కువవుతుంది."

తర్వాత నన్ను చూసి మామూలుగా అన్నాడు. "జేజీ 11కి ఎండు తెగులును తట్టుకునే గుణం ముందే ఉంది కదా."

నాకు నోట మాట రాలేదు. ఉన్న ఫీచర్ కోసమే డబ్బు పెట్టి వెర్షన్ మార్చాను. సమస్య ఇంకో మాడ్యూల్‌లో ఉంది. ఆఫీసులో ఇలాంటి పని ఎవరైనా జూనియర్ చేస్తే నేనే నవ్వుతాను.

కంప్యూటర్‌కు తెలియనిది

జీనోమ్ ఫైల్‌లో తప్పు లేదు. నేను చదివిన పేపర్లలోనూ తప్పు లేదు. నేను అడిగిన ప్రశ్న తప్పు. వేరు పీకి చూడకుండా, కాండం చీల్చకుండా, జబ్బు పేరు నేనే పెట్టేసి, దానికి మందు వెతికాను.

తర్వాత తెలిసింది, ఈ సబ్జెక్టులో పనిచేసేవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది కూడా ఇదేనని. డీఎన్ఏ చదవడం సులువైంది. కానీ ఈ రాత ఉన్న మొక్క పొలంలో ఎలా ప్రవర్తించిందో ఒక్కో మొక్కను కొలిచి రాయాలి. వేరు లోతెంత, ఎన్ని రోజులకు పూసింది, ఎండలో ఏమైంది. దీన్ని ఫినోటైప్ డేటా అంటారు. ఇది ఎండలో నిలబడి సేకరించాల్సిన డేటా. ఇది చెత్తగా ఉంటే ఎంత గొప్ప అల్గారిథమ్ అయినా చెత్తే ఇస్తుంది. పైగా అన్ని గుణాలూ ఒకటి రెండు జన్యువుల చేతిలో ఉండవు. ఎండు తెగులు విషయంలో కొంత సులువు. ఆ దారిలోనే కర్ణాటకలో అన్నిగేరి శనగను మార్చి 2019లో సూపర్ అన్నిగేరి 1 తెచ్చారు. వేరుకుళ్లు అలా లొంగే రకం కాదు. అందులో మట్టి, ఎండ, పదును కూడా పాలు పంచుకుంటాయి.

మనుషుల విషయంలో ఇదే శాస్త్రం ప్రాణాలు కాపాడే దాకా వెళ్తుంది. ఒక ఉదాహరణ మన తెలుగువాళ్లదే. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడుతుంటారు. మామూలుగా కొన్ని నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. మన ఒంట్లోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ లోపించినవాళ్లలో ప్రభావం గంటల కొద్దీ ఉండిపోవచ్చు. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఆంధ్ర వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువని డాక్టర్లు ముందే గమనించారు. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలోని ఎన్నో సమూహాల డీఎన్ఏను పోల్చి దీని వెనకున్న కారణాన్ని వివరించాయి. తక్కువమంది పూర్వీకుల నుంచి వచ్చిన సమూహం, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటే, ఒకరిలో ఉన్న అరుదైన మార్పు చాలామందికి పంచుకుపోతుంది. ఇది ఒక్క కులం సంగతి కాదు. మన దేశంలో ఇలాంటి సమూహాలు చాలా ఉన్నాయని ఆ పరిశోధన చెప్పింది. ఏ సమూహంలో ఏ మార్పు ఉందో ముందే తెలిస్తే డాక్టర్ ముందే మందు మార్చుకోవచ్చు. 10 వేల మంది భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు అవసరం ఇక్కడే ఉంది. ఎప్పుడూ యూరప్ వాళ్ల డేటాతోనే వెతికితే మన జబ్బులు మనకు దొరకవు.

మీకు ఆసక్తి ఉంటే

నాకు తరచూ వచ్చే మెసేజ్ ఇది: "అన్నా, నేను బైపీసీ, కోడింగ్ రాదు. ఇందులోకి రావచ్చా?" లేదంటే "బీటెక్ సీఎస్ఈ, బయాలజీ టెన్త్‌తో వదిలేశా. కుదురుతుందా?"

ఇద్దరికీ కుదురుతుంది. ఇద్దరికీ సగం కొత్తగా నేర్చుకోవాల్సిందే. బైపీసీ వాళ్లు పైథాన్ గానీ ఆర్ గానీ మొదలుపెట్టండి. స్టాటిస్టిక్స్‌ను తప్పించుకోకండి, ఇందులో అసలు పని అదే. సీఎస్ఈ వాళ్లు జెనెటిక్స్ పాఠ్యపుస్తకం ఒకటి మొదటి పేజీ నుంచి చదవండి. కోడ్ రాయకుండా ప్రయత్నించాలంటే గెలాక్సీ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. ఎన్‌సీబీఐ సైట్‌లో కరోనా వైరస్ ఫైల్ ఇవాళ రాత్రే దించుకోవచ్చు. ఏఐ వచ్చాక ఇదంతా ఎందుకు అంటారేమో. ప్రొటీన్ ఆకారాలను ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది నిజమే. అయితే అది నేర్చుకున్నది, లాబుల్లో మనుషులు దశాబ్దాల పాటు ఒక్కో ప్రొటీన్‌ను కొలిచి దాచిపెట్టిన డేటా నుంచి.

ఉద్యోగాల మాట కూడా నిజం చెప్పాలి. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవు. మంచివాటికి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అడుగుతారు. నేను ఇప్పటికీ పేమెంట్స్ కోడే రాస్తున్నాను. ఇది నాకు సాయంత్రం చదువు.

రూళ్ల నోట్‌బుక్

ఆ రోజు నంద్యాల నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన అడిగాడు. "ఆ సారు అన్నీ ఏండ్ల లెక్కన అడుగుతాండె. ఎప్పుడు ఇత్తినావు, వాన ఎప్పుడు పడె అని. నా కాడ పుస్తకం ఉండాది. పనికొస్తాదా?"

ఇంటికెళ్లాక గూట్లోంచి రూళ్ల నోట్‌బుక్ తీశాడు. కూలీ లెక్కలు, విత్తనం ఖర్చు, విత్తిన తేదీ, ఎన్ని బస్తాలు వచ్చాయి, పక్కన ఎక్కడైనా "ఎండె" అని ఒక మాట. చిన్నప్పటి నుంచి ఆ పుస్తకం చూస్తున్నాను. అది అప్పుల పుస్తకం అనుకునేవాణ్ని.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని అదంతా షీట్‌లోకి ఎక్కించాను. నాయన చదివి చెప్తున్నాడు, నేను టైప్ చేస్తున్నాను. "ఎండె" అని ఉన్న ఏళ్లు చాలామటుకు ఆలస్యంగా విత్తిన ఏళ్లే. కాయ పట్టే టైముకు ఎండ ముదిరిన ఏళ్లు. ఒక్క రైతు, ఒక్క చేను, పన్నెండు వరుసలు. దీంతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ వచ్చే ఏడాది శాస్త్రవేత్తను ఏం అడగాలో తెలిసింది.

మొన్న అక్టోబర్‌లో పదును చూసుకుని తొందరగా విత్తాడు. విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించాడు. ఒక ఎకరా మార్చి జొన్న వేశాడు. శనగ మాత్రం మళ్లీ జేజీ 11. ఈసారి చేను పూర్తిగా బాగుందని చెప్పను. అక్కడక్కడా ఎండింది. కాకపోతే నాయన ఇప్పుడు ఫొటోతో పాటు పీకిన వేరు ఫొటో కూడా పంపుతున్నాడు. కింద తేదీ, ఎన్నో సాలు అనేది కూడా రాస్తున్నాడు.

నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.